ఆ పాప మొద్దు కాదు చెల్లీ!

చెల్లీ, మొన్న శుక్రవారం అరకు సంతలో నువ్వు కళ్ల నీళ్లు పెట్టుకుని చెప్పిన మాట నా మనసులోంచి పోవడం లేదు. “అక్కా, మా అంగన్‌వాడీ సెంటర్లో ఒక పాప ఆర్నెల్లయినా నోరు విప్పడం లేదు. రిజిస్టర్లో ‘వెనుకబడింది’ అని రాసేశాను. రాశాక నిద్ర పట్టలేదు” అన్నావు. సంతలో నిలబడి మాట్లాడుకునే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను, విను.

నేను కొత్తగా కొండ మీదికి వచ్చినప్పుడు నాకూ అలాంటి పిల్లాడే ఎదురయ్యాడు. నాలుగేళ్లుంటాయి. బొమ్మ చూపించి “ఇదేంటి నాన్నా?” అంటే తల దించుకునేవాడు. ‘ఒకటి, రెండు’ చెప్పమంటే గోడ కేసి చూసేవాడు. వీడికేమీ ఎక్కదనుకున్నాను. ఓ సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్తే, నాయనమ్మ పక్కన కూర్చుని అడ్డాకులు ఏరుతున్నాడు. విస్తరికి పెద్దవి, దొప్పకి చిన్నవి, చిరిగినవి వేరే. ఆదివాసీ ఒడియాలో లెక్కపెట్టుకుంటూ కట్టలు కడుతున్నాడు. నేనడిగిన భాష వాడికి రాదు, వాడు లెక్కపెట్టే భాష నాకు రాదు. ఇద్దరిలో పెద్దదాన్ని నేను కదా, నేర్చుకోవాల్సింది కూడా ముందు నేనే.

మన కొండల్లో ఒక్కో ఊరికి ఒక్కో మాట. కొండదొరల కుబి, ఖోండుల కువి, పోర్జా, గదబ... అందరినీ కలిపేది ఆదివాసీ ఒడియా. కుబి భాష మీద మన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లోనే పెద్ద గ్రంథం రాశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కువి, కుబి, ఆదివాసీ ఒడియా, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, చిన్న తరగతులకు పుస్తకాలు వేశారు. దారి లేక కాదమ్మా, ఆ దారిలో మనం నడవడం తగ్గింది.

పాఠాల సంగతి సెక్టార్ మీటింగుల్లో మన టీచర్లు ఏమంటారో నువ్వూ విన్నావుగా. చార్టు మీద ఆపిల్, ట్రాఫిక్ సిగ్నల్ ఉంటాయి. మన పిల్లలకు తెలిసినవి వలిసె పువ్వు, పనసకాయ, సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియపు తీగ, ఎర్రగా పండిన కాఫీ కాయ. చార్టు పారేయమనను, దాని పక్కన వీటినీ పెట్టమంటాను. పసుపు రంగు చెప్పడానికి వలిసె చేను కంటే మంచి పాఠం ఎక్కడుంది? కుడి ఎడమలు, ముందు వెనకలు చెప్పాలంటే నాలుగు థింసా నాట్యపు అడుగులు వేయించు.

ఇంకో మాట. మీ ఆయమ్మది ఆ ఊరే కదా? ఆమెను వంటకీ ఊడ్చడానికీ మాత్రమే ఉంచకు. కథ ముందు ఆమెను చెప్పనివ్వు, వాళ్ల మాటలో. మర్నాడు అదే కథ, అవే బొమ్మలతో నువ్వు తెలుగులో చెప్పు. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలకు తెలుగు బెదురుగా ఉండదు.

“ఏబీసీడీలు చెప్పడం లేదేం టీచరమ్మా?” అని తల్లులు అడుగుతారు. వాళ్ల మీద విసుక్కోకు. రేపు ఆశ్రమ పాఠశాలకు వెళ్లాక తమ పిల్ల వెనకబడుతుందేమోనన్న భయం అది. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టు. తన మాటలో కథ చెప్పిన పిల్ల తెలుగులో పాట ఎలా అందుకుంటుందో కళ్లారా చూడనివ్వు.

ఇక పరీక్షలు. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక ఈ వయసు పిల్లలకు పరీక్షలు తగవని, వాళ్లను గమనించి రాసుకోమని స్పష్టంగా చెప్పింది. నీకు బరువులు తూయడం, సరుకులు పంచడం, ఇళ్లకు తిరగడం, పోషణ్ ట్రాకర్ యాప్ నింపడం ఉన్నాయని తెలుసు. అందుకే రోజుకు ఇద్దర్నే గమనించు. తీర్పు రాయొద్దు, చూసింది రాయి. ‘వెనుకబడింది’ అని రాస్తే ఆ పిల్ల గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ‘గులకరాళ్లను పెద్దవీ చిన్నవీ వేరు చేసింది, దాహమైతే పాణి అని అడిగింది’ అని రాస్తే, రేపు ఒకటో తరగతి టీచరుకు దారి దొరుకుతుంది. ప్రతి పిల్ల పేరు పక్కన ‘ఇంటి భాష’ అని ఒక గడి కావాలని మనమంతా కలిసి అడగాలి. ఆ గడి లేకపోతే మనం కొలిచేది పిల్ల తెలివినో, తెలుగు రాకపోవడాన్నో తేలదు.

అసలు అంగన్‌వాడీ అంటేనే వాకిట్లో బడి. తారాబాయి మోదక్ అనే తల్లి 1945లో ఇప్పటి మహారాష్ట్రలోని బోర్డిలో బడి మొదలుపెట్టి, తర్వాత కోస్‌బాడ్ కొండ మీద, అనుతాయి వాఘ్‌తో కలిసి వార్లీ ఆదివాసీ పిల్లల కోసం పనిచేసింది. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లింది. అక్కడి రాళ్లూ ఆకులే ఆటవస్తువులు. 1975 అక్టోబరు 2న మొదలైన మన సెంటర్లకు ఆ అంగన్‌వాడీ పేరే వచ్చింది. ఆదివాసీ వాకిట్లో పుట్టిన బడి ఆదివాసీ పిల్లకే కొత్తగా అనిపిస్తే, సర్దుకోవాల్సింది బడే.

రేపు ఆ పాప పక్కన ఆయమ్మను కూర్చోబెట్టి, ముందర గుప్పెడు చింతగింజలు పెట్టు. నువ్వు ఏమీ అడగకు, చూస్తూ ఉండు. రిజిస్టర్లో ఆ పాత మాట మీద గీత పెట్టి, కింద నువ్వు చూసింది రాయి. వచ్చే శుక్రవారం సంతకి వస్తావుగా? ఆ పాప నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏ భాషదైనా సరే, నాకు చెప్పాలి.