మూడేండ్ల పిల్లవానికి ఏ బడి?

ప్రశ్న: మాది కందకుర్తి. బాబుకు మూడేండ్లు నిండినవి. అంతా ఇంగ్లీషులోనే చెప్పే బోధన్ నర్సరీకి వ్యానులో పంపుదుమా, ఊరి అంగన్‌వాడీలోనే వేయుదుమా?

జవాబు: అన్యభాషయందే సర్వమును బోధించు పద్ధతికి ప్రసిద్ధోదాహరణము, కెనడాలో మాంట్రియల్ చెంతనున్న సెయింట్ లాంబర్ట్‌లో 1965లో తల్లిదండ్రుల పట్టుదలచే ఇంగ్లీషు ఇంటిభాషగా గల పిల్లలకై ఆరంభమైన ఫ్రెంచి తరగతి. ఆ పిల్లలు తొలుత ఇంగ్లీషున పలికినను గ్రహించి ఫ్రెంచిలో బదులు చెప్పగల ఉపాధ్యాయినులు లభించుటయు, ఆ పిల్లల ఇంటిభాషకు సమాజమున ఏ కొరతయు లేకుండుటయు దాని సాఫల్యమునకు హేతువులు. రైమ్సు వల్లెవేయించి, తెలుగుమాట వినబడినంతనే గద్దించు చోట ఆ ఫలము దక్కదు. కావున బోధన్‌లో ఒక పూట కూర్చుండి చూడుడు: దాహమైన పసివాడు "టీచర్, నీళ్లు" అన్నప్పుడు ఆమె గ్లాసు అందించి ఆ మాటనే ఇంగ్లీషున మెల్లగా పలుకునో, ఇంగ్లీషులో అడుగువఱకు నిలువబెట్టునో. రెండవదైనచో మరలి రండు.

గోదావరి, మంజీర, హరిద్రలు కలియు మీ యూర, ఏటి కావల మహారాష్ట్రము. తెలుగు, ఉర్దూ, మరాఠీలు వీథిలోనే చెవిని బడును, ఫీజు లేకుండ! 1975లో మొదలైన ఐ.సి.డి.ఎస్. (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము) క్రింద నడచు అంగన్‌వాడీలో ఆరేండ్లవఱకు ఆటపాటలును ఆహారమును కలవు. అయితే కార్యకర్త రిజిస్టర్లలోనే మునిగి పిల్లలను ఊరక కూర్చుండబెట్టుచున్నచో ఆ లాభము కాగితముమీదనే. ఇంగ్లీషు దాటిపోవునను భయము వలదు. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలందు ఒకటవ తరగతినుండియే ఆ మాధ్యమము ప్రవేశించినది. కార్యకర్త శ్రద్ధగలదైనచో ఒకటవ తరగతివఱకు బాబును ఊరిలోనే ఉంచుడు.