మెదడులో బద్దెపురుగు, ఎలుకలో టెస్టింగ్

ఉమ్ సలాల్‌లో ఉండే మిత్రుడికి మూర్ఛ వచ్చి, స్కాన్‌లో మెదడులో బద్దెపురుగు తిత్తి కనబడిందనుకుందాం. “నేను శాకాహారిని కదా!” అంటాడు. ఆ తిత్తికి కారణం మాంసం కాదు. పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, తిండి ద్వారా నోట్లోకి చేరడం.

మనిషి మెదడు ప్రొడక్షన్ సర్వర్ లాంటిది, అక్కడ ప్రయోగాలు కుదరవు. టెస్ట్ సర్వర్ చుంచెలుక. టీనియా క్రాసిసెప్స్ అనే దగ్గరి జాతి పురుగు పిల్లదశ దాని పొట్టలో మొగ్గలు తొడిగి పెరుగుతుంది; అందుకే మందుల పరీక్షకి అనువు. అయితే మనకి సోకే టీనియా సోలియం అలా మొగ్గలు వేయదు. ఆ లోటు తీర్చడానికి పెరూ శాస్త్రవేత్తలు 2015లో సోలియం పిల్లదశనే ఎలుకల మెదడులోకి ఎక్కించి తిత్తులు పెంచారు.

బతికున్న తిత్తి చాలాకాలం నిశ్శబ్దంగా ఉంటుంది. చచ్చేటప్పుడు వాపు, మూర్ఛ. అందుకే డాక్టర్లు ఆల్బెండజోల్‌తో పాటు స్టెరాయిడ్ ఇస్తారు. మెదడులో తిత్తి ఉందని తెలిస్తే సొంతంగా ఆ మాత్ర మింగకండి.