గట్టు మీద నిలబడ్డవాళ్లు

కోరుట్ల

బిడ్డా,

ఇంటర్‌లో చేరావు. కొత్త దోస్తులు అయ్యారు, చేతికి బండి వచ్చింది, ఎండ ముదిరితే కెనాల్ దగ్గర ఈతలు మొదలవుతాయి. ఇంట్లో అందరూ రోజూ జాగ్రత్త, జాగ్రత్త అంటూనే ఉంటారు. ఆ ఒక్క మాట నిన్ను కాపాడుతుందన్న నమ్మకం నాకు లేదు. ప్రమాదం తెలియనివాడివి కావు నువ్వు. శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువలో నీళ్లు వదిలినప్పుడు ఎంత వడి ఉంటుందో, సిమెంటు లైనింగ్ మీద పాచి పట్టి కాలు ఎలా జారుతుందో, ఆ ఏటవాలు గోడకు చెయ్యి వేసి పైకి రావడానికి పట్టే దొరకదని నీకు నాకన్నా బాగా తెలుసు. పదహారేళ్ల పిల్లవాడు ఒక్కడే తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే మంచిచెడ్డలను దాదాపు పెద్దవాళ్లలాగే బేరీజు వేస్తాడు. ఆ లెక్క తప్పేది గట్టు మీద నలుగురు నిలబడి చూస్తున్నప్పుడు.

ఇది నా ఊహ కాదు. 2005లో అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీకి చెందిన మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మంది చేత కంప్యూటర్ మీద ఒక కారు ఆట ఆడించారు. సిగ్నల్ పసుపు రంగుకు మారుతుంది. కారు ఎంత ముందుకు పోతే అన్ని పాయింట్లు, కానీ ఏ క్షణంలోనైనా అడ్డంగా గోడ లేచి కారు గుద్దుకుంటే వచ్చినవన్నీ పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు పిల్లలకూ పెద్దలకూ పెద్ద తేడా లేదు. పక్కన ఇద్దరు తోటివాళ్లను కూర్చోబెట్టగానే, 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు చేసిన సాహసాలు రెట్టింపు దాటాయి. 24 దాటినవాళ్లలో ఏ మార్పూ లేదు. తర్వాత 2011లో ఇలాంటి ఆటే ఆడిస్తూ మెదడును స్కాన్ చేశారు. దోస్తులు పక్క గదిలో ఉండి తెర మీద చూస్తున్నారని తెలిస్తే చాలు, పిల్లల మెదడులో సంతోషాన్ని, లాభాన్ని పసిగట్టే భాగాలు ఎక్కువగా ఉత్తేజం పొందాయి. గమనించు, వాళ్లు ‘దూకురా’ అనలేదు, ‘భయమా?’ అని వెక్కిరించనూ లేదు. ఊరికే చూశారు, అంతే.

అమెరికా పిల్లల కంప్యూటర్ ఆటకూ మన కాలువకూ ఏం సంబంధం అంటావేమో. అడగాల్సిన ప్రశ్నే. ఆటలో గోడకు గుద్దితే పోయేది పాయింట్లే, ప్రాణం కాదు. కానీ దుడుకు ముందు పెరిగి, నిగ్రహం తర్వాత వస్తుందన్న సంగతి ఒక్క దేశానిది కాదు. మన దేశంతో కలిపి 11 దేశాల్లో 10 నుంచి 30 ఏళ్ల లోపు ఐదు వేల మందికి పైగా పరిశీలిస్తే, కొత్త ఉత్సాహాల కోసం తహతహ పందొమ్మిదేళ్ల దగ్గర బాగా ముదిరిందని, నిగ్రహం ఇరవైలు వచ్చాక గానీ కుదుటపడలేదని తేలింది. ఇక మన పక్కనే చూడు. 2021 నవంబరులో సిరిసిల్ల దగ్గర మానేరు చెక్‌డ్యాంలో ఈతకు దిగిన బడి పిల్లల్లో ఆరుగురు మునిగిపోయారు. ఆ పసివాళ్లను తప్పుపట్టను, వాళ్ల మనసులో ఏముందో నాకు తెలియదు. వాళ్లు అక్కడికి కలిసి వెళ్లారన్నది మాత్రం తెలుసు. ఒక్కడే అయితే ఏ పిల్లవాడైనా ఆ నీళ్లలోకి దిగేవాడా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

అయితే దోస్తులను వదిలెయ్యమంటారా అంటావు. అనను. పోటీపడి చదివించేదీ వాళ్లే, కష్టంలో పక్కన నిలిచేదీ వాళ్లే. నిన్ను దూకించే శక్తీ, నిన్ను చదివించే శక్తీ ఒకటే. దాన్ని పోగొట్టుకోవద్దు, అది ఎటు లాగుతోందో చూసుకో. 2016లో జరిగిన మరో పరిశోధనలో, 18 నుంచి 22 ఏళ్ల కుర్రాళ్ల గుంపులో పాతికేళ్లు దాటినవాడు ఒక్కడు ఉంటే ఆ దూకుడు తగ్గిందని తేలింది. తండ్రి వయసువాడు అక్కర్లేదు, కాస్త పెద్దయితే సరిపోయింది. గుంపుగా ఎక్కడికైనా పోయేటప్పుడు మీ చిన్నాయన కొడుకును పిలువు. పోకూడదు అనుకున్న చోటి సంగతి ఇంట్లో ఉండగానే తేల్చుకో. ముగ్గురు ఎక్కిన బండి హైవే ఎక్కాక దిగుతానని అనడం చాలా కష్టం, వాకిట్లో అనడం తేలిక.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇంకొకటి. పెద్దలందరూ నిన్ను దూకబోయేవాడిగానే ఊహిస్తారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు నువ్వు గట్టు మీద నిలబడి చూసేవాడివి. ఫోన్ పట్టుకుని రీల్ తీస్తున్నావంటే, నువ్వు ఒక్క మాటా అనకపోయినా అవతలివాడి మెదడుకు అదే పెద్ద పిలుపు. ‘నేనేం చెప్పలేదు కదా’ అన్న మాట ఇక్కడ నిలవదు. నువ్వొక్కడివి వద్దంటే ఎవరు వింటారని అనుకోకు. 1950లలో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాల్లో, గుంపంతా కళ్లెదుట తప్పు జవాబు చెబుతుంటే చాలామంది కనీసం ఒకసారైనా తలూపారు. గుంపులో ఇంకొక్కడు నిజం చెప్పగానే ఆ తలూపడం బాగా తగ్గిపోయింది. నీలాగే లోపల వద్దనుకుంటున్నవాడు ఆ గట్టు మీద ఇంకొకడు ఉండే ఉంటాడు. ఎవరైనా మొదట అంటారేమోనని నోరు మూసుకుని ఎదురుచూస్తుంటాడు. వాడి కోసం ఫోన్ జేబులో పెట్టి, ‘నేను పోతున్నా, వస్తావా?’ అని అడుగు.

మీ పెద్దబాపు