రోడ్డు మీద మన చోటు



మలేసియాలో మోటారుసైకిలు కనిపించని వీధి ఉండదు. తెల్లవారకముందే ఎస్టేటు పనికి పోయేవారు, ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయేవారు, సంతలో కూరగాయలు అమ్మేవారు, ఇంటింటికీ భోజనం చేర్చేవారు ఎందరో దీని మీదనే తిరుగుతారు. మీ ఇంట్లో నాన్నగారో, అన్నయ్యో, అక్కయ్యో కాప్‌చాయ్ నడుపుతూనే ఉంటారు. వెనుక కూర్చుని బడికి వచ్చేవారు మీలోనూ ఉన్నారు గదా!

మీలో కొందరికి త్వరలో పదహారేళ్ళు నిండుతాయి. అప్పుడు బి2 లైసెన్సుకు దరఖాస్తు పెట్టవచ్చు. ఆ లైసెన్సుతో 250 సి.సి. వరకు ఉన్న మోటారుసైకిలు నడపవచ్చు. మొదట రోడ్డు నియమాల పరీక్ష ఉంటుంది. అందులో 50 ప్రశ్నలు ఇస్తారు. 42 ప్రశ్నలకైనా సరిగ్గా జవాబు చెప్పాలి. తరువాత ఎల్ లైసెన్సు తీసుకొని, శిక్షణ సంస్థలో నేర్చుకొని, బండి నడిపే పరీక్ష ఇవ్వాలి. నెగ్గినవారికి రెండేళ్ళపాటు పి లైసెన్సు ఉంటుంది. పదహారేళ్ళు నిండకముందు, లైసెన్సు లేకుండా రోడ్డు మీద బండి నడపడం నేరం.

పరీక్ష నెగ్గితే చాలదు. మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో చనిపోయేవారిలో సగానికి మించినవారు మోటారుసైకిలు మీద వెళ్ళేవారే. కారులో కూర్చున్నవారికి చుట్టూ ఇనుప గోడ ఉంటుంది. మోటారుసైకిలు మీద కూర్చున్నవారికి అలాంటి గోడ ఏదీ లేదు. పైగా మోటారుసైకిలు సన్నని వాహనం. కారు నడిపేవారి కంటికి అది తేలికగా ఆనదు. కాబట్టి నేర్చుకొనేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి: బండి మన చేతిలో ఉండాలి. రెండు: మనం ఇతరుల కంట పడాలి. ఈ పాఠమంతా ఈ రెండు సంగతులను గురించే.

చూపు ఎటో బండి అటే

కొత్తగా నేర్చుకొనేవారు ఎక్కువమంది ముందు చక్రం వంక చూస్తారు. అది పెద్ద పొరపాటు. మన కళ్ళు ఎటు చూస్తే చేతులు అటే తిప్పుతాయి. గుంటను చూసి భయపడి, దాని వంకే చూస్తూ ఉంటే బండి తిన్నగా పోయి ఆ గుంటలోనే పడుతుంది. గుంట పక్కన ఖాళీ ఉన్న చోటును చూడండి. బండి ఆ ఖాళీలోనుంచి పోతుంది.

పరీక్షలో నేల కన్న కొంచెం ఎత్తుగా, సన్నగా కట్టిన బాట మీద బండి నడపమంటారు. చక్రం వంక చూసేవారే దాని మీదనుంచి జారిపోతారు. బాట చివరను చూసేవారు సులభంగా దాటుతారు. తల ఎత్తి దూరంగా చూడడం మొదట అలవాటు చేసుకోవలసిన మెలకువ.

బ్రేకు ఎలా వేయాలి?

కాప్‌చాయ్‌కి ముందు బ్రేకు కుడి చేతి దగ్గర, వెనుక బ్రేకు కుడి కాలి దగ్గర ఉంటాయి. గేర్లు ఎడమ కాలితో మార్చాలి. క్లచ్చు పిడి ఉండదు. ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని కొందరు భయపడి కాలి బ్రేకు ఒక్కటే తొక్కుతారు. మరికొందరు కంగారులో ముందు బ్రేకును ఒక్కసారిగా బిగించేస్తారు. ఈ రెండూ తప్పే.

బండి ఆగుతున్నప్పుడు మన బరువూ బండి బరువూ ముందుకు వస్తాయి. ముందు చక్రం నేలను గట్టిగా అదుముతుంది. వెనుక చక్రం తేలిక అవుతుంది. అందుచేత ఆపే బలం ముందు బ్రేకుకే ఎక్కువ. వెనుక బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కితే తేలికైన చక్రం తిరగడం మాని పక్కకు జారుతుంది. రెండు బ్రేకులూ కలిపి వేయండి. చేతి పిడిని మొదట మెల్లగా, తరువాత క్రమంగా గట్టిగా నొక్కండి. మలుపులో వంగి ఉన్నప్పుడు బ్రేకు బిగించకండి. వేగం మలుపుకు ముందే తగ్గించాలి.

ఇంకొక సంగతి. యాక్సిలరేటరు కూడా కుడి చేతిలోనే ఉంది. కంగారుపడినవారు బ్రేకు అందుకోబోయి యాక్సిలరేటరు కూడా తిప్పేస్తారు. బండి ఆగడానికి బదులు ముందుకు దూకుతుంది. మొదటినుంచీ మణికట్టు కిందికి వంచకుండా చదునుగా ఉంచి పట్టుకొంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

ఒక లెక్క చేద్దాం

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 1,000 మీటర్లు. 60తో భాగిస్తే సెకనుకు సుమారు 17 మీటర్లు. ముందున్న కారు ఆగినట్లు మన కంటికి కనబడి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పని మొదలుపెట్టకముందే మనం 17 మీటర్లు పోయామన్నమాట! బ్రేకు పడ్డాక కూడా బండి కొంత దూరం పోతుంది. వేగం రెండింతలైతే ఆ దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

కాబట్టి ముందు వాహనానికి రెండు సెకన్ల ఎడం ఉంచాలి. దాన్ని ఎలా కొలవాలి? ముందు కారు ఒక స్తంభం దాటగానే మనసులో లెక్క మొదలుపెట్టండి. రెండు సెకన్లు గడవకముందే మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే చాలా దగ్గరగా ఉన్నట్లే. వానలో ఈ ఎడం రెట్టింపు చేయాలి.

మరిచిపోయే చిన్న పనులు

హెల్మెట్టు పెట్టుకొని గడ్డం కింద పట్టీ బిగించనివారిని చూస్తూనే ఉంటాం. పడినప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ హెల్మెట్టే. మన దేశంలో 1973 నుంచి హెల్మెట్టు తప్పనిసరి. వెనుక కూర్చున్నవారూ పెట్టుకోవాలి. 1992 నుంచి పగలు కూడా ముందు లైటు వెలిగించాలన్న నియమం ఉంది. ఆ లైటు మనం దారి చూసుకోవడానికి కాదు. మనం ఇతరుల కంట పడడానికి.

పక్క స్టాండు తీయడం మరిచిపోకండి. అది ఎడమవైపు ఉంటుంది. బండి ఎడమకు వంగినప్పుడు నేలకు తగిలి పడదోస్తుంది. మలుపు తిరిగాక ఇండికేటరు ఆపివేయండి. కారులో అది తనంతట తానే ఆగుతుంది. చాలా మోటారుసైకిళ్ళకు ఆ ఏర్పాటు లేదు. అది ఆరకుండా వెలుగుతూ ఉంటే, మీరు తిరుగుతారనుకొని పక్కదారిలోని కారు మీ ముందుకు వచ్చేస్తుంది. వెనుక కూర్చున్నవారి చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోమని చెప్పండి.

వరుసలో మూడు పట్టెలు

ఇప్పుడు రోడ్డు మీద మన చోటు ఏదో చూద్దాం. మన దేశంలో వాహనాలు ఎడమవైపున నడుస్తాయి. మోటారుసైకిలు కూడా ఎడమ వరుసలోనే పోవాలి. కాని ఎడమ వరుస అంటే రోడ్డు అంచు కాదు. చాలామంది పొరపాటు ఇక్కడే.

మీరు పోయే వరుసను మూడు పట్టెలుగా ఊహించుకోండి. ఎడమ పట్టె రోడ్డు అంచు దగ్గర ఉంటుంది. అక్కడ ఇసుక, ఆకులు, నీటి గుంటలు, కాలువ మూతలు ఉంటాయి. ఆపి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుచుకోవచ్చు. అంచుకు అతుక్కుని పోయేవారిని చూస్తే వెనుకనుంచి వచ్చే కారుకు అదే వరుసలో దూరిపోవాలనిపిస్తుంది. అప్పుడు తప్పుకోవడానికి మనకు చోటు ఉండదు.

నడిమి పట్టెలో కూడళ్ళ దగ్గర, సిగ్నలు దీపాల దగ్గర జాగ్రత్త. ఆగి ఉన్న వాహనాలనుంచి నూనె చుక్కలు పడేది అక్కడే. కుడి పట్టెలో ఉంటే ముందు కారు అద్దంలో బాగా కనిపిస్తాము. కాని ఎదురుగా లారీ వస్తే అది మరీ దగ్గర అవుతుంది.

కాబట్టి మామూలుగా నడిమి పట్టెకు కొంచెం కుడిగా, కారు కుడి చక్రం పోయే జాడలో పోవడం మంచిది. అవసరాన్ని బట్టి అటో ఇటో జరగాలి. జరిగే ముందు అద్దం చూడండి; తల తిప్పి భుజం మీదుగా కూడా చూడండి. అద్దంలో పడని చోటు ఎప్పుడూ కొంత ఉంటుంది.

మోటారుసైకిళ్ళకు వేరే బాట ఉన్నచోట ఆ బాటలోనే పోవాలి. క్వాలాలంపూర్ నుంచి క్లాంగ్ వైపు పోయే ఫెడరల్ హైవే పక్కన 1970లలోనే అటువంటి బాట వేశారు. అక్కడ కూడా ఎడమకే ఉండి, దాటి పోయేవారికి కుడివైపు చోటు విడవాలి.

మలుపులు, కూడళ్ళు

ఎడమ మలుపు వస్తే వరుసలో కుడి పట్టెకు జరిగితే మలుపు అవతలి రోడ్డు ఎక్కువగా కనిపిస్తుంది. ఎదురు వాహనం కనిపించగానే లోపలికి రావాలి. కుడి మలుపు వస్తే ఎడమ పట్టెలో ఉండాలి. కుడి మలుపులో బండి కుడికి వంగుతుంది. చక్రం మన వరుసలోనే ఉన్నా, తల మధ్య గీత దాటి ఎదురు వరుసలోకి పోవచ్చు. ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఎడమవైపు పక్కదారిలో ఒక కారు రోడ్డు ఎక్కడానికి ఆగి ఉందనుకోండి. ఆ డ్రైవరు మిమ్మల్ని చూశాడని అనుకోకండి. యాక్సిలరేటరు తగ్గించండి. బ్రేకు మీద వేళ్ళు ఉంచండి. కుడి పట్టెకు జరగండి. అతనికి మీరు ముందుగా కనిపిస్తారు. అతను వచ్చేసినా తప్పుకోవడానికి చోటు మిగులుతుంది.

కుడివైపుకు తిరగడం ఇంకా కష్టం. ముందు అద్దం, తరువాత భుజం మీదుగా చూపు, తరువాత ఇండికేటరు, ఆ తరువాతే మధ్య గీత వైపు జరగడం. ఎదురు వాహనాలు పోయేవరకు ఆగండి. ఆగినప్పుడు ముందు చక్రాన్ని తిన్నగా ఉంచండి. కుడికి తిప్పి ఉంచితే, వెనుకనుంచి ఎవరైనా తాకినప్పుడు ఎదురు వాహనాల కిందికి పోతాము.

లారీ విషయం వేరే చెప్పాలి. గెలలు మోసే లారీ, కంటైనరు లారీ ఎడమకు తిరిగేటప్పుడు ముందు భాగం కుడికి పోతుంది. ఎడమవైపు దారి ఖాళీ అయినట్లు కనిపిస్తుంది. ఆ ఖాళీలో దూరకండి. లారీ తిరిగేసరికి వెనుక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరూ అతనికి కనిపించరు. ఆ చాటులో ఎక్కువసేపు ఉండకూడదు.

వాన వచ్చినప్పుడు

చాలా రోజుల ఎండ తరువాత పడిన తొలి వాన ప్రమాదకరమైనది. రోడ్డు మీది నూనె, దుమ్ము నీటితో కలిసి జారుడుగా మారుతాయి. తెల్లని గీతలు, ఇనుప మూతలు తడిస్తే ఇంకా జారుతాయి. వాటి మీద బ్రేకు వేయకండి. వంతెన కింద రోడ్డు అంచున బండి ఆపి నిలబడేవారిని మీరు చూసే ఉంటారు. వానలో వచ్చే కారుకు వారు ఆఖరి నిమిషం వరకు కనిపించరు. హైవేల మీద మోటారుసైకిలువారికోసం కట్టిన పాకలు ఉన్నాయి. అక్కడ గాని, రోడ్డుకు పూర్తిగా అవతల గాని ఆగాలి.

నిదానమే ప్రధానం అని మన పెద్దలు అంటారు. నిదానం అంటే మెల్లగా పోవడం ఒక్కటే కాదు. ముందుగా చూసుకొని, ఆలోచించి పోవడం. పదహారేళ్ళు ఇంకా నిండనివారు కూడా ఇప్పుడే ఇది నేర్చుకోవచ్చు. రేపు వెనుక కూర్చుని బడికి వచ్చేటప్పుడు బండి ఏ పట్టెలో పోతున్నదో గమనించండి. పట్టీ బిగించని అన్నయ్యకు, "అన్నయ్యా, పట్టీ బిగించుకో" అని చెప్పండి. ఆ ఒక్క మాట అతని ప్రాణం కాపాడవచ్చు.

మాటలు – అర్థాలు

మెలకువ = నేర్పు; జాగ్రత్తగా ఉండడం
కంట పడు = కనిపించు
ఎడం = మధ్య దూరం
పట్టె = పొడుగాటి సన్నని భాగం
కూడలి = దారులు కలిసే చోటు
చాటు = కంటికి కనిపించని మరుగు

ప్రశ్నలు

1. చక్రం వంక చూస్తూ బండి నడపకూడదు. ఎందుకు?
2. ముందు బ్రేకుకు ఆపే బలం ఎందుకు ఎక్కువ?
3. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో ఎన్ని మీటర్లు పోతుంది? లెక్క కట్టండి.
4. రోడ్డు అంచుకు అతుక్కుని పోతే కలిగే మూడు ప్రమాదాలు రాయండి.
5. "కంట పడు", "ఎడం", "చాటు" అనే మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.

చేసి చూడండి

బడి ఆవరణలో సుద్దతో ఒక వరుస గీసి, మూడు పట్టెలుగా విడదీయండి. ఎడమ మలుపు, కుడి మలుపు, పక్కదారి గీయండి. ఏ చోట ఏ పట్టెలో ఉండాలో ఒక్కొక్కరు నిలబడి చూపించి, కారణం తెలుగులో చెప్పండి.