మన బావి, పరుల అతిథులు

మన కళాశాల విద్యార్థి యొకడు ఖమ్మం ఖిల్లా ఛాయాచిత్రమును తన సొంత వెబ్‌సైటులో ఉంచినాడనుకొందము. వేరొకరు ఆ సైటుకు లింకు ఇచ్చుట ఆదరమే. కాని ఆ చిత్రపు చిరునామాను తమ పుటలో పొదిగి, తమదే అన్నట్లు చూపుట వేరు. దీనిని హాట్‌లింకింగ్ అందురు. అతిథులు వారివారు, నీరు మన బావిది. చిత్రము 2 మెగాబైట్లదైనచో, వేయిమంది చూచునప్పటికి సుమారు 2 గిగాబైట్ల భారము మన సర్వరుపై పడును. నెలసరి పరిమితి దాటినచో సైటు నిలిచిపోవచ్చును, లేదా అదనపు రుసుము చెల్లింపవలసి రావచ్చును.

ఈ వెసులుబాటు వెబ్ నిర్మాణములోనే కలదు. 1993లో మార్క్ ఆండ్రీసన్ ప్రతిపాదించిన చిత్రపు ట్యాగు, చిత్రము ఏ సర్వరులోనున్నను తెచ్చి చూపును. కనుక వెంటనే దొంగతనమని నిందించుట తొందరపాటని మా అభిప్రాయము. తెలియక చేయువారును కలరు. ముందు మర్యాదగా ఒక జాబు వ్రాయవలెను.

వినకున్నచో సర్వరునే కావలి పెట్టవచ్చును. బ్రౌజరు చిత్రమును అడుగునపుడు, ఏ సైటు పుటకొరకు అడుగుచున్నదో 'రిఫరర్' అను సూచనలో సాధారణముగా తెలుపును. (1996 నాటి ప్రమాణపత్రములో ఈ మాటకు ఒక ఆంగ్లాక్షరము లోపించి, ఆ తప్పే స్థిరపడినది!) పరాయి సైటు పేరు కనబడినచో 403 సంఖ్యతో నిరాకరింపవచ్చును. పేరే లేకున్నచో అనుమతించుట మేలు. గోప్యత కోరి దానిని దాచు పాఠకులు కలరు.

కొందరు అసలు చిత్రమునకు మారుగా వెక్కిరింపు బొమ్మను పంపుదురు. అది మాకు సమ్మతము కాదు. దానిని చూచునది ఖిల్లాను చూడవచ్చిన నిర్దోషి. అంతకన్న చిత్రపు అంచున సైటు పేరు ముద్రించుట మంచిది. భారము తగ్గకున్నను, చిత్రము ఎవరిదో అతనికి తెలియును.