ఎండిన ఏటిలో నీరెక్కడిది?

ప్రశ్న: వేసవిలో గోస్తనీ నదిలో ఇసుక మేటలే కనబడతాయి. కాని చెలమ తవ్వితే నీరు ఊరుతుంది. ఆ నీరు ఎక్కడిది? (పద్మనాభం విద్యార్థులు)

జవాబు: పిల్లలూ! ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక గ్లాసు నిండా పొడి ఇసుక నింపండి. దానిలో మెల్లగా నీళ్ళు పోయండి. నిండుగా ఉన్న గ్లాసే అయినా, అది ఇంకా దాదాపు మూడో వంతు గ్లాసు నీటిని తాగేస్తుంది! ఇసుక రేణువులు ఒకదానినొకటి తాకుతున్నా వాటి మధ్య ఖాళీలుంటాయి. నీరు చేరేది ఆ ఖాళీలలోనే.

గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను, తాటిపూడి జలాశయాన్ని, పద్మనాభం ప్రాంతాన్ని దాటి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో పారే నీటిలో కొంత ఇసుకలోకి ఇంకుతుంది. లోతున ఉన్న ఆ నీటికి ఎండ, గాలి అంతగా తగలవు. కనుక అది త్వరగా ఆవిరి కాదు. చెలమ ఆ నీటిమట్టం కంటే లోతుకు దిగగానే, చుట్టూ ఉన్న నీరు గుంటలోకి ఊరుతుంది.

ప్రశ్న: చెలమ నీరు తేటగా ఉంటుంది కదా, అలాగే తాగవచ్చా?

జవాబు: తాగరాదు. ఇసుక వడపోత గుడ్డలా పనిచేసి మట్టిని ఆపుతుంది. అందుకే నీరు తేటగా ఉంటుంది. కాని కంటికి కనబడని సూక్ష్మజీవులు అందులో ఉండవచ్చు. మరగకాచి, చల్లార్చి తాగాలి. నీటిలో కరిగిన లవణాలు, రసాయనాలు మాత్రం మరిగించినా పోవు.

ప్రశ్న: ఏటిలోని ఇసుకను విపరీతంగా తవ్వుకుపోతే నష్టమేమిటి?

జవాబు: ఇసుక ఏటికి నీళ్ళకుండ వంటిది. ఇసుక తరిగితే నీరు నిలిచే చోటూ తరుగుతుంది. అంతేకాదు, ఏటి అడుగు లోతైపోతే గట్టున ఉన్న నేలలోని నీరు అటువైపు జారిపోతుంది. అప్పుడు ఒడ్డున ఉన్న బావుల్లో నీటిమట్టం పడిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల సంరక్షణకు 2002లో చేసిన చట్టం ఇసుక తవ్వకాన్ని అదుపు చేసింది ఇందుకే.

వాన ఏటేటా కురుస్తుంది. కొండరాయి అరిగి ఇసుక కావడానికి మాత్రం వేల ఏళ్ళు పడుతుంది. ఈసారి ఏటికి వెళ్ళినప్పుడు, మీ కాళ్ళ కింద ఉన్నది ఉత్త ఇసుక కాదనీ, ఊరి నీటి నిల్వ అనీ గుర్తుంచుకోండి.