శాండ్‌హెడ్స్ రొయ్య

కోల్‌కతా వెళ్లే ఓడలు పైలట్‌ను ఎక్కించుకునే చోటు శాండ్‌హెడ్స్. నగరానికి రెండొందల కిలోమీటర్లకు పైనే దిగువన, హుగ్లీ ముఖద్వారం బయట ఉంటుంది. 1980లలో ఇక్కడి బురద నేల మీద రొయ్యల కోసం తిరిగినవాటిలో ప్రధానమైనవి మన విశాఖ ట్రాలర్లు. సుమారు రెండు రోజుల ప్రయాణం చేసి వచ్చేవి. వచ్చాక వారాల తరబడి రేవు ముఖం చూసేవి కావు. పట్టిన సరుకును ఓడలోనే గడ్డకట్టించేవి.

ట్రాలర్ పొడవు దాదాపు 23 మీటర్లు. రెండు పక్కలా చాచిన ఇనుప దూలాలు బూమ్‌లు. ఒక్కోదానికి ఒక్కో వల. స్కిప్పర్ ముందు ‘ట్రై నెట్’ అనే చిన్న వల దించి, కాసేపటికి తీయించి చూస్తాడు. అందులో రొయ్య కనబడితేనే పెద్ద వలలు. మూడు నాలుగు గంటలు లాగి, విన్చ్‌తో పైకెత్తి, వల తోక ముడి విప్పుతారు.

డెక్ మీద పడిన కుప్పలో రొయ్య కన్నా చేపా, పీతా, బురదే ఎక్కువ. ఆ చేపల్లో చాలా భాగం తిరిగి సముద్రం పాలే. ఈ పనిలో నాకు మింగుడుపడనిది ఇదొక్కటే.

అసలు నేర్పు తల తీయడంలో ఉంది. బొటనవేలిని తల అడుగున ఆనించి ఒక్క గిల్లు! చెడిపోవడానికి ముఖ్య కారణమైన జీర్ణరసాలు తలతోపాటే పోతాయి. వంద కిలోలకు మిగిలేది అరవై, అరవై అయిదు. వేలు కాస్త వెనక్కి జరిగిందా, మెడ కండ కూడా తలతో పోతుంది. రొయ్యకింత చొప్పున పోయినా రాత్రికి తూకం తేడా తెలిసిపోతుంది.

కడిగాక 1.25 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ నీళ్లలో ఒక నిమిషం. పెంకు మీద నల్లమచ్చ రాకుండా ఈ మందు. ఎక్కువసేపు నానితే మందు మోతాదు దాటుతుంది, దిగుమతి దేశం సరుకు వెనక్కి పంపుతుంది.

తర్వాత గ్రేడింగ్. పౌనుకు ఎన్ని తోకలు తూగితే అదే ‘కౌంట్’: 16/20, 21/25, అలా.

రెండు కిలోల చొప్పున పెట్టెల్లో వరుసగా పేర్చి, నీళ్లు పోసి, మైనస్ 40 డిగ్రీల ప్లేట్ ఫ్రీజర్‌లోకి తోస్తారు. రెండు గంటల్లో లోపలిదాకా గడ్డకడుతుంది. రొయ్య మీద గాలి తగలకుండా నిలిచే మంచుపొరే గ్లేజ్. అక్కణ్ణించి మైనస్ 20 గిడ్డంగికి.

1990లలో పట్టు తగ్గింది, డీజిల్ ఖర్చు మోయలేనిదైంది. ట్రాలర్లు ఒక్కొక్కటే రేవులో ఆగిపోయాయి. కౌంట్ లెక్క మాత్రం ఇప్పటికీ ప్యాకెట్ల మీద ఉంది. అంకె చిన్నదైతే రొయ్య పెద్దది. కొనేటప్పుడు గ్లేజ్ పోగా నికర బరువెంతో చూసుకోండి.